ఆలోచించే నౌక

పిల్లలూ, ఈ నెల మనం చాలా దూరం ప్రయాణం చేయబోతున్నాం. మొదటి మజిలీ ఒక కొండల ఊరు. రెండవది ఒక ఎడారి. మూడవది ఆకాశం. ఆ మూడవ మజిలీకి రైళ్ళూ విమానాలూ పోవు. రేడియో తరంగం మీద ఎక్కి పోవలసిందే. అంత దూరం పోయి మనం చూడబోయేది ఒక వ్యోమనౌకను. 1999 మే నెలలో ఆ నౌక, భూమి మీది మనుషులు అడుగడుగునా ఆజ్ఞలు పంపకుండానే, ఏ పని ఎప్పుడు చేయాలో తనంతట తానే నిర్ణయించుకున్నది. మధ్యలో ఒకసారి చిక్కులో కూడా పడింది. ఆ చిక్కు ఏమిటో, ఎలా తీరిందో, అంత జరిగినా నౌకకు ప్రమాదం ఎందుకు రాలేదో తెలుసుకొని వద్దాం, పదండి.

ఎండిన వాగు ఒడ్డున

అమెరికా పడమటి తీరాన కాలిఫోర్నియా రాష్ట్రం ఉన్నది. అక్కడ లాస్ ఏంజెలిస్ మహానగరానికి ఈశాన్యంగా పాసడీనా అనే ఊరు. ఊరికి ఉత్తరాన గోడ కట్టినట్టు శాన్ గేబ్రియల్ కొండలు నిలబడి ఉంటాయి. ఆ కొండలలోనుంచి ఒక వాగు దిగివస్తుంది. దాని పేరు అరోయో సెకో. స్పానిష్ భాషలో ఆ మాటకు ఎండిన వాగు అని అర్థం. వానలు కురిసినప్పుడు పారుతుంది. తక్కిన రోజుల్లో చాలాచోట్ల ఇసుకా రాళ్ళే.

1936 అక్టోబరు 31వ తేదీన కాల్‌టెక్ అనే విద్యాసంస్థకు చెందిన కుర్రవాళ్ళూ, వాళ్ళ స్నేహితులూ కొందరు ఈ వాగులోకి దిగి, ఒక చిన్న రాకెట్టు మోటారును పరీక్షించారు. ఆ ప్రయోగాలే పెరిగి పెరిగి చివరకు జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ అనే పెద్ద పరిశోధనశాల అయినవి. క్లుప్తంగా దాన్ని జె.పి.ఎల్. అంటారు. 1958లో అమెరికా పంపిన మొట్టమొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్ 1 ఇక్కడ తయారైనదే. ఈనాడు కొండ పాదాన వరుసలు వరుసలుగా కట్టడాలు కనిపిస్తాయి. అంగారకుడి మీదికీ, గురుడి దగ్గరికీ, శని దగ్గరికీ పోయిన నౌకలకు ఇది పుట్టినిల్లు.

మన కథలోని నౌకకు డీప్ స్పేస్ వన్ అని పేరు. బరువు 486 కిలోలు. రెండు పక్కలా రెక్కల్లా సూర్యరశ్మి పలకలు ఉండేవి. వాటిని చాపితే ఈ కొననుంచి ఆ కొనకు 11.8 మీటర్లు. 1998 అక్టోబరు 24న ఫ్లోరిడాలోని కేప్ కెనావరల్ నుంచి డెల్టా 2 రాకెట్టు దీన్ని ఆకాశానికి ఎత్తింది.

ఈ నౌకను ఎందుకు పంపారు? తెలివిగల రైతు కొత్త వంగడం చేతికి రాగానే పొలమంతా చల్లడు. ముందు ఒక మడిలో వేసి చూస్తాడు. డీప్ స్పేస్ వన్ అటువంటి మడి. 12 కొత్త విద్యలను ఆకాశంలో పరీక్షించడానికే దీన్ని కట్టారు. అందులో ఒకటి అయాన్ ఇంజను. జీనాన్ అనే వాయువు అణువులకు విద్యుదావేశం కలిగించి, అమిత వేగంగా వెనక్కు చిమ్మి, నౌకను ముందుకు తోసే ఇంజను అది. రెండు తెల్లకాగితాలు అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువనిపిస్తుందో, పూర్తి బలంతో నడిచినా దాని తోపు అంతే! కాని అది రోజుల తరబడి, నెలల తరబడి తోస్తూనే ఉంటుంది కనక చివరకు గొప్ప వేగం వస్తుంది.

ఇంకొక కొత్త విద్య పేరు రిమోట్ ఏజెంట్. దూరాన ఉండి యజమాని పని చక్కబెట్టే గుమాస్తా అనుకోండి. ఇది ఇనుమూ కాదు, తీగా కాదు. కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము. జె.పి.ఎల్. వారూ, అదే రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న ఏమ్స్ పరిశోధన కేంద్రం వారూ కలిసి దీన్ని తయారుచేశారు. దీన్ని నిర్మించిన ముఖ్యులలో నికోలా మస్కెట్టోలా, పాండురంగ నాయక్, బార్నీ పెల్, బ్రయన్ విలియమ్స్ అనేవారు ఉన్నారు.

ఎడారిలో చెవులు

ఇక రెండవ మజిలీ. పాసడీనా నుంచి కొండలు దాటి ఈశాన్యంగా పోతే మొహావీ ఎడారి వస్తుంది. బార్‌స్టో అనే ఊరు దాటి ఇంకా లోపలికి పోతే గోల్డ్‌స్టోన్ అనే చోటు. చెట్టూ చేమా తక్కువ; ముళ్ళ పొదలూ, రాళ్ళూ, నెమ్మదిగా నడిచే ఎడారి తాబేళ్ళూ ఉంటాయి. చుట్టూ కొండలు గిన్నె అంచులా ఉంటాయి. ఈ చోటును అందుకే ఎంచుకున్నారు. ఊళ్ళలోని రేడియో రొద కొండలు దాటి లోపలికి రాదు. ఆకాశంనుంచి వచ్చే అతి సన్నని గొంతు వినాలంటే అటువంటి నిశ్శబ్దం కావాలి.

అక్కడ తెల్లని పెద్ద పళ్ళేల వంటి ఆంటెనాలు ఆకాశంవైపు మొహం తిప్పి ఉంటాయి. అన్నిటికన్న పెద్దదాని అడ్డుకొలత 70 మీటర్లు. ఆ పళ్ళేన్ని నేలమీద బోర్లిస్తే దాని కింద దాదాపు 30 కబడ్డీ కోర్టులంత చోటు ఉంటుంది! భూమి తిరుగుతూ ఉంటుంది కనక ఒక్క చోటినుంచే ఇరవైనాలుగు గంటలూ ఒక నౌకను చూడలేం. అందుకని స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గరా, ఆస్ట్రేలియాలో కాన్‌బెరా దగ్గరా ఇటువంటి ఆంటెనాలే కట్టారు. ఒక చోట నౌక కనుమరుగయ్యే వేళకు మరొక చోట ఉదయిస్తుంది.

ఇక్కడినుంచి రేడియో తరంగం ఎక్కుదాం. అది సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. రెప్పపాటులో భూమిని వదిలేస్తాం. సెకనుంపావు దాటగానే చంద్రుడంత దూరం వచ్చేస్తాం. అయినా ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. 1999 మే నెలలో డీప్ స్పేస్ వన్ భూమికి 9 కోట్ల 65 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్నది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, ఎక్కడా ఆగకుండా పోయే రైలుకు అంత దూరం పోవడానికి 110 ఏళ్ళు పడుతుంది. మన తరంగానికి పట్టేది సుమారు 5 నిమిషాల 22 సెకన్లు.

తక్కువే అనుకుంటున్నారా? ఆలోచించండి. నౌకలో ఏదో చెడిపోయింది. ఆ కబురు మనకు చేరడానికి 5 నిమిషాల పైచిలుకు. మనం "ఇలా చెయ్యి" అని చెబితే అది నౌకకు చేరడానికి మళ్ళీ అంతసేపు. మధ్యలో ఆలోచించడానికి పట్టే కాలం వేరు. పైగా ఎడారిలోని ఆంటెనాలకు ఈ నౌక ఒక్కటే బిడ్డ కాదు. ఎన్నో నౌకల మాట వినాలి. కనక నౌకలోనే ఒక బుద్ధిమంతుడైన గుమాస్తా ఉంటే ఎంత మేలు! "ఫలానా తోకచుక్క దాకా పోవాలి, దారిలో ఫలానా ఫొటోలు తీయాలి" అని గమ్యం చెబితే చాలు. ఎలా చేయాలో తాను చూసుకుంటాడు.

నౌకలోపలి సంసారం

వచ్చేశాం. ఇప్పుడు నౌకలోని కంప్యూటరులోకి తొంగిచూద్దాం. దీని పేరు ఆర్.ఎ.డి. 6000. మన ఇళ్ళలోని కంప్యూటర్లతో పోలిస్తే చాలా నెమ్మది. కాని ఆకాశంలో ఎప్పుడూ దూసుకువచ్చే వికిరణానికి తట్టుకొనేటట్టు ప్రత్యేకంగా తయారుచేశారు. అక్కడ బలం కన్న ఓర్పు ముఖ్యం.

ఈ ఒక్క కంప్యూటరు ఎన్నో పనులు చేయాలి. నౌక తిరిగిపోకుండా చిన్న చిన్న ఇంజనులను సరైన క్షణంలో ఊదించాలి. ఇంజనును కనిపెట్టి ఉండాలి. భూమినుంచి వచ్చే మాట వినాలి. కొన్ని పనులు కొంచెం ఆలస్యమైనా ఫరవాలేదు. కొన్ని పనులు మాత్రం చెప్పిన వేళకు జరిగి తీరాలి. ఇన్ని పనులకూ వంతులు వేసే అధికారి కావాలి కదా? అటువంటి అధికారినే ఆపరేటింగ్ సిస్టం అంటారు. మామూలు కంప్యూటర్లలోనూ అది ఉంటుంది. కాని అక్కడ ఒక్కొక్కసారి మనం మీట నొక్కితే కాసేపు ఆగి బదులు చెబుతుంది. మనం విసుక్కుంటాం, అంతే. నౌకలో అలా కుదరదు. వేళ తప్పకుండా పని జరిపించే అధికారిని రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టం అంటారు. డీప్ స్పేస్ వన్‌లో ఉన్న అధికారి పేరు వీఎక్స్‌వర్క్స్.

ఈ అధికారి పద్ధతి మీకు తెలిసినదే. రైలు జంక్షనులో స్టేషన్ మాస్టరును చూశారా? గూడ్సుబండి పట్టాలమీద పోతూ ఉంటుంది. ఇంతలో మెయిలు వస్తున్నదని కబురు. వెంటనే గూడ్సుబండిని పక్క లైనులోకి పంపి ఆపుతారు. మెయిలు పోయినాక మళ్ళీ గూడ్సుకు పచ్చజెండా. వీఎక్స్‌వర్క్స్ కూడా ప్రతి పనికీ ఒక అంకె ఇస్తుంది. 0 నుంచి 255 దాకా అంకెలు. 0 అన్నిటికన్న పెద్ద హోదా. పెద్ద హోదా పని సిద్ధం కాగానే, చిన్న హోదా పని ఎంత మధ్యలో ఉన్నా సరే, ఆగి దారి ఇవ్వవలసిందే.

నౌకలోని మామూలు పనులకు ప్రోగ్రాములు సి అనే భాషలో రాశారు. అవి యంత్రానికి నేరుగా అర్థమయ్యే రూపంలోకి ముందే మారి వచ్చాయి. రిమోట్ ఏజెంటును మాత్రం లిస్ప్ అనే వేరొక భాషలో రాశారు. జాన్ మెకార్తీ అనే పండితుడు 1958లో రూపొందించిన భాష ఇది. ఇందులో విషయాలన్నీ జాబితాల రూపంలో ఉంటాయి. ప్రోగ్రాము కూడా ఒక జాబితాయే. ఆలోచించే పనికి ఇది ఎంతో అనువైనది. "మొదట కెమెరా వెలిగించు, తరవాత నౌకను తిప్పు, తరవాత ఫొటో తియ్యి" అని ఒక పథకం వేసి చూస్తుంది. కుదరకపోతే పారేసి మరొకటి వేస్తుంది.

అయితే లిస్ప్‌లో రాసిన ప్రోగ్రామును ఒంటరిగా తీసుకువచ్చి కంప్యూటరులో పెడితే నడవదు. దాని వెంట ఒక సంసారమంతా రావాలి. ప్రోగ్రాము అడిగినప్పుడల్లా జ్ఞాపకంలో చోటు ఇచ్చేవాడొకడు. పారేసిన పథకాలు ఆక్రమించిన చోటును ఊడ్చి మళ్ళీ వాడుకకు ఇచ్చేవాడొకడు. అంటే పలకమీద పాత లెక్కలు చెరిపేవాడన్నమాట. మనం పంపిన వాక్యాన్ని చదివి, దాని ప్రకారం చేసి, జవాబు చెప్పేవాడొకడు. ఈ సంసారం మొత్తాన్ని ఆ భాష తాలూకు రన్‌టైమ్ అంటారు. హార్లెక్విన్ అనే సంస్థ చేసిన లిస్ప్‌ను వీఎక్స్‌వర్క్స్ మీద నడిచేటట్టు మార్చి ఈ నౌకలో పెట్టారు.

పెద్ద లోగిలి ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్న కుటుంబాన్ని ఊహించుకోండి. వాళ్ళ పొయ్యి వాళ్ళది, వాళ్ళ గిన్నెలు వాళ్ళవి, వాళ్ళ భాష వాళ్ళది. కాని వీధి తలుపు మూసే వేళా, బావిలో నీళ్ళు తోడుకొనే వంతూ ఇంటి యజమాని చెప్పినట్టే. లిస్ప్ కుటుంబానికి నౌకలో ఉన్న స్థానం ఇదే. పలక చెరిపేవాడు ఎంత హడావిడిగా ఉన్నా సరే, పెద్ద హోదా పని వస్తే అధికారి వాణ్ణి చెయ్యి పట్టి ఆపుతాడు. గుమాస్తా ఎంత లోతుగా ఆలోచిస్తున్నా నౌక తిరగబడదు. ఆలోచించేవాడు వేరు, వేళ చూసేవాడు వేరు. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి. కొద్ది సేపట్లో అవసరం వస్తుంది.

సోమవారం, మంగళవారం

1999 మే 17, సోమవారం. పాసడీనాలో అందరూ ఎంతో కాలంగా ఎదురుచూసిన రోజు. నౌకను రిమోట్ ఏజెంటుకు అప్పగించారు. అది స్వయంగా పథకం వేసుకున్నది. అయాన్ ఇంజను నడిపింది. నౌక ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడానికి కెమెరాతో ఫొటోలు తీయించింది. పరీక్ష కోసం, కెమెరా మీట చెడిపోయి ఆరడం లేదని దానికి ఒక అబద్ధపు కబురు అందేటట్టు చేశారు. గుమాస్తా కంగారు పడలేదు. కెమెరా వెలుగుతూనే ఉంటుందన్న లెక్కతో కొత్త పథకం వేసుకొని పని సాగించింది. చూసేవాళ్ళ ఆనందం చెప్పనలవి కాదు.

మంగళవారం తెల్లవారింది. పథకం ప్రకారం ఒక వేళకు అయాన్ ఇంజను ఆగాలి. ఆ వేళ దాటింది. ఇంజను ఆగలేదు. నౌక పంపే కబుర్లు వస్తూనే ఉన్నాయి, అన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి. కాని గుమాస్తా మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది.

అప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్ళ మనసులు ఎలా ఉండి ఉంటాయో ఊహించండి. ఏళ్ళ తరబడి చేసిన పని. "యంత్రం చేతికి నౌకను ఇస్తారా!" అనే అనుమానం ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు ఆ అనుమానమే నిజమవుతుందా?

వాళ్ళు ప్రయోగాన్ని ఆపారు. ఆపగలిగారు! ఎందుకంటే గుమాస్తా నిలబడిపోయినా ఇల్లు నిలబడిపోలేదు. వీఎక్స్‌వర్క్స్ తన వంతులు తాను వేస్తూనే ఉన్నది. సి భాషలో రాసిన ప్రోగ్రాములు నౌకను నిటారుగా నిలిపి, భూమి మాట వింటూనే ఉన్నాయి. అద్దె గదిలో దీపం ఆరింది. లోగిలిలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. భూమినుంచి వచ్చిన ఆజ్ఞతో నౌక మళ్ళీ మామూలు పద్ధతిలోకి వచ్చింది.

తాతగారూ, టపా జవానూ

మరి గుమాస్తాకు ఏమయింది? దీన్ని కనుక్కోవడానికి లిస్ప్ కుటుంబంలో ఉన్న ఆ జవాబు చెప్పేవాడు ఎంతో సహాయపడ్డాడు. అంత దూరాన ఉన్న నౌకలో, ఎవరు ఎక్కడ ఏమి కోసం ఆగి ఉన్నారని అడిగి తెలుసుకోవచ్చు కదా! కొద్ది గంటలలోనే కారణం తెలిసింది. దాన్ని ఒక కథగా చెబుతాను.

ఒక తాతగారు ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన వీధిలోకి తొంగిచూశారు. టపా జవాను లేడు. సరే, పడుకుందాం, జవాను కేక వేస్తే లేద్దాం అనుకొని లోపలికి నడిచారు. ఆయన వాకిలినుంచి మంచం దగ్గరికి పోయే ఆ నాలుగు అడుగుల వ్యవధిలో జవాను వచ్చి, "ఉత్తరం!" అని ఒక్క కేక వేసి, గుమ్మంలో పెట్టి పోయాడు. తాతగారికి వినబడలేదు. మంచం మీద పడుకొని చెవులు రిక్కించారు. వచ్చేసిన కేక మళ్ళీ రాదు. ఆయన లేవరు. ఆ ఉత్తరానికి జవాబు వస్తేగాని కదలనని అవతల ఊళ్ళో మరొకాయన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటారు!

రిమోట్ ఏజెంటులో కూడా ఒకేసారి నడిచే పనులు ఎన్నో ఉన్నాయి. అందులో రెండు సరిగ్గా ఇలాగే ఒకదానికోసం ఒకటి ఆగిపోయినవి. "చూడడం", "పడుకోవడం" అనే రెండింటి మధ్యా ఎవరూ దూరకుండా తలుపు గడియ వేసి, రెండూ ఒకే పనిగా జరిగేటట్టు చేయాలి. ఒక్క చోట ఆ గడియ వేయడం మరిచారు. ఈ పొరపాటు ఎల్లప్పుడూ బయటపడదు. జవాను సరిగ్గా ఆ నాలుగు అడుగుల వ్యవధిలోనే రావాలి. భూమిమీద చేసిన అన్ని పరీక్షలలోనూ ఒక్కసారి కూడా అలా జరగలేదు. ఆకాశంలో జరిగింది.

ఇందులో ఇంకొక సంగతి ఉన్నది. 1997లోనే ఏమ్స్ కేంద్రంలో కొందరు, స్పిన్ అనే సాధనంతో ఈ ప్రోగ్రాములో ఒక భాగాన్ని తనిఖీ చేశారు. పనులు ఏ ఏ వరసలో జరగవచ్చునో ఆ వరసలన్నీ ఓపికగా వెతికి చూసే సాధనం అది. అప్పుడు 5 లోపాలు బయటపడ్డాయి. ఆకాశంలో దొరికిన లోపం ఆ అయిదింటిలో ఒకదాని వంటిదే. కాని అది ఉన్నది వేరొక భాగంలో. ఆ భాగాన్ని అలా తనిఖీ చేయలేదు. లెక్క పుస్తకంలో ఒక పేజీలో దొరికిన తప్పు ఇంకొక పేజీలోనూ ఉండవచ్చు. పరీక్ష కాగితాలు దిద్దే మా వంటి బడిపంతుళ్ళకు ఇది బాగా తెలిసిన సంగతే.

శుక్రవారం

కారణం తెలిసింది. మరి ఏమి చేయాలి? ఇక్కడే పెద్దల బుద్ధి కనిపిస్తుంది. లోపాన్ని దిద్ది కొత్త ప్రోగ్రాము పంపవచ్చు. కాని హడావిడిగా దిద్దినప్పుడు పాత తప్పు పోయి కొత్త తప్పు రావచ్చు. దాన్ని పరీక్షించడానికి వ్యవధి లేదు. నౌకకు వేరే పనులు ఉన్నాయి. జూలైలో ఒక గ్రహశకలాన్ని కలుసుకోవాలి. ఇక రెండవ దారి: ఆ లోపం మళ్ళీ బయటపడే అవకాశం చాలా తక్కువ కనక, ప్రోగ్రామును తాకకుండా, 6 గంటల చిన్న ప్రయోగం ఒకటి కొత్తగా అల్లి, మిగిలిన పరీక్షలన్నీ అందులో ఇమిడ్చి నడపడం. వాళ్ళు రెండవ దారినే ఎంచుకున్నారు. రాత్రికి రాత్రి కొత్త పథకం తయారుచేశారు.

మే 21, శుక్రవారం. గుమాస్తాకు మళ్ళీ నౌకను అప్పగించారు. ఈసారి మూడు చిక్కుప్రశ్నలు ఇచ్చారు. అన్నీ పరీక్ష కోసం కల్పించినవే. మొదటిది: ఒక ఎలక్ట్రానిక్ భాగం మాట వినడం మానేసింది. గుమాస్తా దాన్ని మళ్ళీ మేలుకొలిపి దారికి తెచ్చింది. రెండవది: ఒక కొలత చెప్పే సాధనం తప్పు చెబుతున్నది. చెడిపోయింది పరికరం కాదు, దాన్ని గురించి చెప్పే సాధనమే అని గుమాస్తా పోల్చుకున్నది. చాడీలు విని మోసపోలేదన్నమాట! మూడవది: నౌకను తిప్పే చిన్న ఇంజనులలో ఒకటి మూసుకుపోయింది. దానితో అవసరం లేని మరొక పద్ధతికి గుమాస్తా మారిపోయింది. ప్రయోగానికి పెట్టుకున్న లక్ష్యాలన్నీ నూటికి నూరు పాళ్ళూ నెరవేరినవి.

తరవాత డీప్ స్పేస్ వన్ 1999 జూలై 29న బ్రెయిల్ అనే గ్రహశకలం పక్కనుంచి పోయింది. అదే ఏడు నవంబరులో, నక్షత్రాలను చూసి దిక్కు చెప్పే దాని సాధనం నిజంగానే చెడిపోయింది. ఇంజనీర్లు భూమినుంచి కొత్త ప్రోగ్రాము పంపి, ఆ పనిని కెమెరా చేసేటట్టు నేర్పారు. 2001 సెప్టెంబరు 22న అది బొరెల్లీ తోకచుక్క దగ్గరగా పోయి, దాని కేంద్రకాన్ని చక్కగా ఫొటోలు తీసింది. 2001 డిసెంబరు 18న ఇంజను ఆపేశారు. అప్పటికి ఆ చిన్న ఇంజను మొత్తం 16,265 గంటలు నడిచింది. నౌక ఇప్పటికీ సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉన్నది, మాటా పలుకూ లేకుండా.

కాని ఆ ఆలోచన ఆగిపోలేదు. 2021 డిసెంబరు 25న పంపిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్నది. అందులోనూ వేళ చూసే అధికారి వీఎక్స్‌వర్క్సే. దాని కింద జావాస్క్రిప్ట్ అనే భాష తాలూకు రన్‌టైమ్ నడుస్తుంది. ఏ నక్షత్రాన్ని ఎప్పుడు చూడాలో చెప్పే పాఠాలు ఆ భాషలో ఉంటాయి. దారి చూపే నక్షత్రం దొరకకపోతే, భూమిని అడిగి కూర్చోకుండా, ఆ పని వదిలి తరవాతి పనికి పోవడం దానికి చేతనవును. రిమోట్ ఏజెంటు అంత తెలివైనది కాదు గాని, అదే ఇంటి పద్ధతి: ఆలోచించేవాడు వేరు, వేళ చూసేవాడు వేరు.

మీరు ఆడుకొనే ఆట

మన యాత్ర ముగిసింది. తిరిగి ఇంటికి వచ్చాం. ఆదివారం నాడు ముగ్గురు స్నేహితులు కలిసి ఈ ఆట ఆడండి. ఒకరు ఒక గదిలో కూర్చొని పాసడీనా అవుతారు. ఇంకొకరు మరొక గదిలో కాగితం, రంగు పెన్సిళ్ళు పెట్టుకొని నౌక అవుతారు. మూడవవారు చీటీలు మోసే రేడియో తరంగం. గడియారం చూసి, ప్రతి చీటీనీ 5 నిమిషాల 22 సెకన్లు చేతిలో ఉంచుకొని, అప్పుడే అవతలివారికి ఇవ్వాలి. ఒక ఇంటి బొమ్మ గీయించండి.

మొదటిసారి చీటీకి ఒక్క ఆజ్ఞ చొప్పున పంపండి. "ఒక గీత గియ్యి." "పైన కప్పు వెయ్యి." మధ్యలో పెన్సిలు ములుకు విరిగిందని నౌకనుంచి చీటీ వస్తే ఏమవుతుందో చూడండి.

రెండవసారి ఒకే చీటీ పంపండి. అందులో ఎలాంటి ఇల్లు కావాలో చెప్పి, "ఎరుపు పెన్సిలు విరిగితే నీలం వాడు, కాగితం చిరిగితే రెండవ పక్కన గియ్యి" అని రాయండి. రెండుసార్లూ బొమ్మ పూర్తికావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నౌక గదిలో అమ్మనుగాని నాన్ననుగాని కూర్చోబెట్టి, "భోజనం వేళకు ఆట ఆపించే అధికారం మీది" అని చెప్పడం మరవకండి.